ఆరో గడిలో నేను రాసిన ఊరు

పద్నాలుగు ఇళ్ళు. పన్నెండింటికి తలుపులు, రెండింటికి తడికలు. దూలాలు ఇరవై ఎనిమిది, అన్నీ మద్ది కర్ర. జూన్‌లో చల్లడానికి అటకల మీద దాచిన చోళ్ళు తొమ్మిది కుంచాలు, సామలు ఏడు కుంచాలు. విత్తనపు పసుపు రెండు బస్తాలు. పందులు ఆరు. కోళ్ళు నలభైకి పైమాటే, అవి అడవిలోకి పారిపోయాయి గనక సరైన లెక్క లేదు. తిరగలి ఒకటి, రెండు చెక్కలైంది. ఊట నుంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చే వెదురు గొట్టం వరస ఒకటి, నూట పది బారలు. అది లారీ చక్రాల కింద పోయింది, ఎవరూ కావాలని తొక్కింది కాదు.

ఈ లెక్క ఆఫీసు ఫైల్లో లేదు. అక్కడ "నష్టం: లేదు" అని ఉంది. ఇది నా జేబు పుస్తకంలోది. ప్రాణనష్టం కూడా లేదని ఫైలు చెబుతుంది. ఆ రోజు సాయంత్రం వరకు అది నిజం. ఆ వానాకాలంలో టార్పాలిన్ల కింద ఇద్దరు పసివాళ్ళు పోయారు. వాళ్ళను ఏ లెక్కలో వెయ్యాలో చెప్పే నియమం మా శాఖలో లేదు. నేను ఈ పద్నాలుగు ఇళ్ళ లెక్కలోనే వేశాను.

సర్వే పనిలో కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పరీక్షలకు ఏం చదవాలో, ప్రమోషన్ ఎలా వస్తుందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనుషుల్ని ఒక చోటి నుంచి పంపేసేటప్పుడు మన చేత ఏ మాటలు రాయిస్తారో ఎవరూ చెప్పరు. ఆ మాటలు నేను రాశాను. నాకు తెలుసు.

గొలుసు

మాది సాలూరు. పదో తరగతి తప్పాను, లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. చైన్‌మ్యాన్‌గా చేరాను. కొలత గొలుసు ఒక కొస పట్టుకుని ముళ్ళపొదల్లో నడవడం ఆ ఉద్యోగం. గొలుసు అరవై ఆరు అడుగులు, అందులో వంద లింకులు. వైశాల్యం కట్టడం నాకెవరూ నేర్పలేదు. సర్వేయరు గారు అన్నం తినడానికి కూర్చున్నప్పుడు ఆయన పుస్తకం తీసి, జవాబు మూసిపెట్టి, నేను వేరే కాగితం మీద చేసి చూసుకునేవాణ్ణి. రెండేళ్ళకు నా జవాబు, ఆయన జవాబు కలిశాయి. మూడో ఏట ఆయన తప్పులు కనిపించడం మొదలైంది.

ఆయనది పార్వతీపురం. నా మొదటి గురువు. ప్రతి హద్దునూ రెండు కొసల నుంచీ కొలిపించేవాడు. "ఒరే, ఇటు నుంచి కొలిసినోడు సగమే కొలిసినట్టు. అటు నుంచి కూడా కొలుసుకు రా," అనేవాడు. ఒక ఎండాకాలం మా గొలుసు సాగిపోయింది. వంద లింకులకు ఒక లింకు తేడా. సాగిన గొలుసుతో కొలిస్తే పొలం కాగితం మీద తగ్గిపోతుంది. అప్పటికి నలభై మూడు పొలాలు కొలిచేశాం. మళ్ళీ కొలుద్దామన్నాడు.

"ఎవరూ అడగలేదు కదా గురువుగారూ," అన్నాను.

"అడగడానికి ఆళ్ళకి తెలిత్తే కదరా. గొలుసు మనది, తప్పు మనది. తగ్గింది ఆళ్ళ పొలం."

నలభై మూడూ మళ్ళీ కొలిచాం. ఆ వేసవి నా కాళ్ళు పడ్డ పాట్లు చెప్పను. ఈ ఉద్యోగంలో నేర్చుకోవలసింది ఆ వేసవిలోనే నేర్చుకున్నానని చాలాకాలం అనుకున్నాను. తప్పు.

ముప్పై ఒక్క వరసలు

తొంభైల మధ్యలో నేను కొండల నడుమ ఒక లోయలో, మండల రెవెన్యూ ఆఫీసులో ఉన్నాను. పేరుకు చైన్‌మ్యాన్‌నే గాని కొలతలు, పటాలు, చిత్తులు అన్నీ నేనే చేసేవాణ్ణి. పక్క రాష్ట్రం నుంచి వచ్చి కొండ భూములు ఆక్రమించినవారి జాబితా తయారు చెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది. దానితో పాటు అచ్చు ఫారాలు. ఏడు గడులు. ఆరో గడి: "ఏ ఊరి నుంచి వచ్చినారు."

నా వంతుకు వచ్చిన ఊరు ఒరిస్సా హద్దు దగ్గర, రోడ్డు నుంచి మూడు గంటల నడక. అసలు పేరు రాయను. మడ్డిపుట్టు అనుకోండి. ఏజెన్సీలో ఊరి పెద్దను నాయుడు అంటారు. అక్కడి నాయుడు సుక్రు. యాభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. నాకు మంచం వాల్చి, ఊరివాళ్ళందర్నీ పిలిచాడు.

"నాయుడూ, ముందు నువ్వు చెప్పు. మీదే ఊరు?"

"కొరాగుడ, బాబు."

కొరాగుడ కొండకు అవతల, ఒరిస్సాలో. రాసుకున్నాను. తర్వాత వచ్చినవాణ్ణి అదే అడిగాను. అతనూ లేచి నిలబడి, తలగుడ్డ తీసి, కొరాగుడ అన్నాడు. రెండు గంటల్లో ముప్పై ఒక్క కుటుంబాలు పూర్తి. ముప్పై ఒక్క వరసలు, ఆరో గడిలో ఒకే పేరు.

లెక్కలు తెలిసినవాడికి అక్కడే అనుమానం రావాలి. ముప్పై ఒక్క కుటుంబాలు ఒకే ఊరి నుంచి లేచి వస్తే ఆ ఊరు ఖాళీ అయ్యుండాలి. ఎప్పుడు అయింది? ఎందుకు? నేను అడగలేదు. పని త్వరగా అయిందని సంతోషపడ్డాను. వాళ్ళిచ్చిన అంబలి తాగి కొండ దిగాను.

చిత్తుప్రతి

నా చేతిరాత బాగుంటుంది. అందుకని ఎమ్మార్వో గారు చిత్తులు నా చేత రాయించేవారు. ఆయన దుర్మార్గుడని నేను అనను. బీపీ మాత్రలు వేసుకుంటూ, కూతురి కాలేజీ సీటు గురించి దిగులుపడే మనిషి. మొదటి చిత్తులో నేను "ముప్పై ఒక్క ఇళ్ళు" అని రాశాను.

"ఇళ్ళేంటయ్యా? ఇల్లయితే ఇంటిపన్ను రసీదు ఉండాలి. ఉందా?"

"లేదు సార్."

"మరి? తాత్కాలిక నిర్మాణాలు అని రాయి."

"వాటిలో వండుకుంటున్నారు సార్, పడుకుంటున్నారు."

"నిర్మాణంలో పడుకోకూడదని ఎవరన్నారు? రాయి."

రాశాను. "రైతులు" అన్నచోట "ఆక్రమణదారులు" రాశాను. "ఊరు" అన్నచోట "సదరు ప్రాంతము" రాశాను. "ఒరిస్సా పంపించుట" అని రాస్తే ఆయన పెదవి విరిచాడు.

"పంపించడం అంటే మనం ఏదో తోసేస్తున్నట్టుంది. స్వస్థలములకు తరలించుట. ఎంత మర్యాదగా ఉందో చూడు. వాళ్ళ ఊరికి వాళ్ళని చేరుస్తున్నాం."

ఆ "స్వస్థలం" నేనిచ్చిందే. నా ఆరో గడిలోంచి వచ్చింది.

తుది కాగితంలో మాటలు లెక్కపెట్టాను, అది నా అలవాటు. రెండు వందల పన్నెండు. "తరలింపు" ఏడు సార్లు. "శాంతియుతంగా" మూడు సార్లు. "ఇల్లు" ఒక్కసారి కూడా లేదు. "మనుషులు" లేరు. వానలు మొదలయ్యే లోపు పూర్తి చెయ్యాలని మాత్రం ఉంది.

ఈ మాటలు కొండ మీది వాళ్ళను మభ్యపెట్టడానికి పుట్టాయని మీరు అనుకోవద్దు. వాళ్ళు ఆ కాగితం చదవరు. మన కోసమే పుట్టాయి. సంతకం పెట్టినవాడు మధ్యాహ్నం ఇంటికెళ్ళి అన్నం తినాలి కదా, అందుకు. ఇలాంటి కాగితం మీ చేతికి వస్తే ఒక పని చెయ్యండి. ప్రతి మాట పక్కనా, అక్కడికి వెళ్ళి నిలబడితే కంటికి ఏం కనిపిస్తుందో పెన్సిల్‌తో రాసుకోండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.

పేర్లు చదివిన రోజు

వైశాఖం చివర. అడవిలో దారి నరికి, ఇళ్ళు పడగొట్టే కూలీలతో రెండు లారీలను ఊరి దాకా ఎక్కించారు. జాబితా చదవడం నా పని. నేను పేరు చదివితే ఆ ఇల్లు పడేది. వాసాలు విరుగుతున్న చప్పుడులో తర్వాతి పేరు గట్టిగా చదవవలసి వచ్చేది.

ఇళ్ళ వరసలో చదువుతుంటే నాలుగో పేరు సుక్రుది. అతని పెళ్ళాం సోంబారి తిరగలి మీద కూర్చుని లేవలేదు. నా వైపు చూసి అడిగింది.

"ఆ కాయితంలో ఏటి రాసినావు బాబు?"

"మీరు చెప్పిందే రాశానమ్మా. కొరాగుడ నుంచి వచ్చారని."

"ఎవులొచ్చినారు?"

"మీరే. నాయుడే కదా చెప్పాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో నా మీద కోపం కూడా లేదు, అది ఇంకా కష్టం.

"నీదే ఊరు?"

"సాలూరు."

"మీ తాతది?"

"చీపురుపల్లి దగ్గర."

"ఆడి తాతది?"

"తెలీదు."

"నీకు తెలీదు గనక సాలూరులో ఉండొచ్చు. మాకు తెలుసు గనక ఎల్లిపోవాల. బాగుంది బాబు మీ రాత."

సుక్రు ఆమె భుజం పట్టి లేపాడు. అతన్ని పక్కకు పిలిచాను.

"నిజం చెప్పు నాయుడూ. నువ్వెక్కడ పుట్టావు?"

"ఈ ఇంట్లోనే. మా అయ్యా ఇక్కడే పుట్టినాడు. కొరాగుడ నాను కంటితో సూడనేదు."

"మరి ఆ ఊరెందుకు చెప్పావయ్యా?"

నేను బొత్తిగా మర్యాద తెలియనివాణ్ణన్నట్టు చూశాడు.

"పెద్దమనిసొచ్చి మీదే ఊరని అడిగితే వంసం ఊరు సెప్పాల. మా ముత్తాతల రాళ్ళు నాటిన ఊరు. అది సెప్తేనే ఎవుడు అన్నదమ్ముడో, ఎవుడు వియ్యానికి పనికొత్తాడో తెలుత్తాది. నిలుసున్న సోటు నువ్వే సూత్తన్నావు కద. అది మరి సెప్పడమెందుకు?"

తలగుడ్డలు తీసి వాళ్ళు నాకు మర్యాద చేశారు. దాన్ని నేను నేరం కింద రాసుకున్నాను. గురువు చెప్పినట్టు అటు నుంచి కూడా కొలిచి ఉంటే, "ఇక్కడ పుట్టినవాళ్ళెవరు" అని ఒక్క ప్రశ్న తిరగేసి అడిగి ఉంటే, తేలిపోయేది.

ఎమ్మార్వో గారి దగ్గరికి పరిగెత్తి చెప్పాను. "ఇప్పుడా చెప్పేది?" అన్నారు. మిగతా పేర్లూ నేనే చదివాను. పద్నాలుగో ఇల్లు పడుతుండగా వాన పట్టుకుంది. ఒక లారీ బురదలో దిగబడింది. మిగిలిన పదిహేడు ఇళ్ళకు వారం తర్వాత వద్దామని, ఎవర్నీ తరలించకుండానే అందరూ దిగిపోయారు.

గోడ

నా చేతిలో ఏడు రోజులు. ఆరు రోజులు సెలవు పెట్టి, ఆఫీసు గొలుసు భుజాన వేసుకుని కొండెక్కాను. పద్నాలుగు కుటుంబాలు వాగు పక్కన టార్పాలిన్ల కింద ఉన్నాయి. నన్ను ఎవరూ కూర్చోమనలేదు.

ముందు తిరగేసిన ప్రశ్న అడిగాను. నూట అరవై ముగ్గురు మనుషులు. నూట ఇరవై ముగ్గురు అక్కడే పుట్టారు. మిగతా నలభై మంది వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు. కాని పుట్టినట్టు కాగితం ఒక్కరికీ లేదు. నోటిమాట అని కొట్టేస్తారు. కొట్టేస్తే చెరగనిది ఏదైనా కావాలి.

అది ఎదురుగానే ఉంది. మడ్డిపుట్టులో పొలాలు కొండ వాలున మెట్లుమెట్లుగా ఉంటాయి. ప్రతి మెట్టుకూ రాతి గోడ. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. వాగులోంచి రాళ్ళు మోసుకొచ్చి, కోతలయ్యాక వానలు పడేలోపు కడతారు. ఆ గోడలన్నీ కొలుస్తానన్నాను. గొలుసు రెండో కొస పట్టుకోవడానికి సోంబారి వచ్చింది.

"గోడని కొలిత్తే గోడేటి సెప్తాది బాబు?"

"ఎన్నేళ్ళ నుంచి ఉందో చెబుతుంది."

"అది నన్నడుగు, నాను సెప్తాను."

"నువ్వు చెబితే రాయడానికి గడి లేదమ్మా."

"గోడ సెప్తే ఉందేటి?"

"లేదు. నేను గీస్తాను."

ఈసారి కొండెక్కాక అప్పుడే మొదటిసారి నాకు అంబలి పోసింది.

నాలుగు రోజులు కొలిచాం, రెండు కొసల నుంచీ. మొత్తం ఆరు వందల ఇరవై గొలుసులు. అయిదో రోజు, కూలిన ఒక గోడ ముక్కను సుక్రునీ సోంబారినీ కట్టమని, పక్కన కూర్చుని చూశాను. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పది లింకులు లేచింది. సంతలు, అడవి పనులు, పెళ్ళిళ్ళు తీసేస్తే ఏడాదిలో గోడకు దొరికేవి పది రోజులు. అంటే ఒక గడప ఏడాదికి ఒక గొలుసు. ముప్పై ఒక్క గడపలూ మొదటి రోజు నుంచీ ఉన్నాయనుకున్నా ఆరు వందల ఇరవైకి ఇరవై ఏళ్ళు. ఏడు గడపలతో ఊరు మొదలైందని సుక్రు మాట. కొద్దికొద్దిగా పెరిగిందనుకుంటే ముప్పై మూడేళ్ళు. ఏటా వానలకు కూలి మళ్ళీ కట్టినవి ఇందులో వెయ్యలేదు.

నేను ఇరవై అనే రాశాను. ఎవడు ఎంత పీకినా తగ్గించలేని అంకె రాయాలి. పెద్ద అంకె వాదనకు పనికొస్తుంది, చిన్న అంకె నిలబడుతుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోండి.

సంతకం

ఏడో రోజు పొద్దున తొమ్మిది పేజీలు ఎమ్మార్వో గారి బల్ల మీద పెట్టాను. మొదటి పేజీలో, ఆరో గడిలో నేను రాసింది తప్పు, ఆ తప్పు నాది, అని ఉంది. చివర ఎనిమిదో గడి నేనే గీసి "గోడల వయసు" అని పేరు పెట్టాను.

"వీళ్ళు ఆరేడేళ్ళ కింద వచ్చారని మన రిపోర్టు. ఈ గోడలు ఇంకెవరో కట్టి ఉంటారు," అన్నారు.

"ఎవరు సార్? వాళ్ళ పేర్లు మన రిజిస్టర్లో ఉండాలి కదా. నేను చూశాను, లేవు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. సదరు పద్నాలుగు కుటుంబములు స్వచ్ఛందముగా స్వస్థలములకు వెళ్ళిపోయినవి. కింద సాక్షి సంతకం ఖాళీ.

"ఇది పెట్టు. నీ తొమ్మిది పేజీలు కూడా ఫైల్లో ఉంచుతాను. అందరికీ బాగుంటుంది."

"వాళ్ళు వాగు పక్కనే ఉన్నారు సార్. ఎక్కడికీ వెళ్ళలేదు."

"వెళ్తారులే. వానలొస్తున్నాయి."

"వెళ్ళాక కూడా పెట్టను సార్."

"పిల్లలున్నవాడివి. ఆలోచించుకో."

"ఒకసారి ఆలోచించకుండా రాశాను సార్. అది చాలు."

నా తొమ్మిది పేజీల నకళ్ళు అప్పటికే మూడు పై ఆఫీసులకు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళాయి. అది ఆయనకు చెప్పాను కూడా. జాబితా రాసినవాడే తప్పని రాసిచ్చాక రెండో విడత మీద సంతకం పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పదిహేడు ఇళ్ళూ నిలిచాయి. ఆ సాక్షి సంతకం మాత్రం సాయంత్రానికల్లా వేరే ఎవరో పెట్టారు. నాకు మెమో ఇచ్చి అడ్డతీగల బదిలీ చేశారు. అక్కడా కొండలే, అక్కడా గొలుసే.

తర్వాత

ఆయన అన్నట్టే వానలొచ్చాయి. దసరా నాటికి పద్నాలుగు కుటుంబాలూ కొండ దాటి కొరాగుడ పోయాయి. అక్కడ వంశం పేరు చెబితే కూర్చోబెట్టారు గాని భూమి ఎక్కడిది? అక్కడి ఆఫీసువాళ్ళు కూడా ఒక జాబితా రాశారు. అందులో వీళ్ళు ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు. మూడేళ్ళకు సుక్రు, సోంబారితో పాటు ఇంకో రెండు కుటుంబాలు తిరిగొచ్చి పాత గోడల మధ్య ఇళ్ళు వేసుకున్నాయి.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక అధికారిణి వచ్చారు. నా తొమ్మిది పేజీలు పట్టుకుని మడ్డిపుట్టుకు నడిచి ఎక్కారు. నన్ను అడ్డతీగల నుంచి పిలిపించి, "గోడలు కొలిచారు బాగుంది. ఏ గోడ ఎవరిదో ఎందుకు రాయలేదు?" అని అడిగారు. వయసు తేలితే చాలనుకుని ఊరంతా ఒకే మొత్తం కింద కొలిచాను. అది నా రెండో తప్పు. ఇంటింటికీ మళ్ళీ కొలిచి ఇచ్చాను. పదిహేడు గడపలకూ, తిరిగొచ్చిన మూడు గడపలకూ భూమి రిజిస్టర్లో పేర్లు ఎక్కాయి. మిగతావాళ్ళకు ఎక్కలేదు. ఫారంలో "ప్రస్తుతం నివాసమున్నారా" అని ఒక గడి ఉంది. లేరు కదా. ఆమె ఎంత ప్రయత్నించినా ఆ గడి దాటలేకపోయారు. తర్వాత ఆమె కూడా బదిలీ అయ్యారు.

యాభై మూడో ఏట నేనే ఉద్యోగం మానుకున్నాను. ఏటా ఎండాకాలం కొండెక్కి, ఊళ్ళో లేనివాళ్ళ గోడలు కొలుస్తాను. మొదట రెండు వందల పద్నాలుగు గొలుసులు ఉండేవి. కట్టేవాళ్ళు లేక వానలకు జారి, పోయినసారి నూట ముప్పై రెండుకు వచ్చాయి. ఆ అంకె వేసి, వాళ్ళ పేర్లు కూడా ఎక్కించమని దరఖాస్తు పెడతాను. సోంబారి గొలుసు పట్టుకుంటుంది. "ఈసారేటన్నారు?" అని అడుగుతుంది. చదివి వినిపిస్తాను.

ఈ ఏడాది జవాబు వచ్చింది. "సదరు కుటుంబములు వెళ్ళిపోయినందున." నేను "వెళ్ళిపోయినందున" కొట్టేసి, పైన "మేము వెళ్ళగొట్టినందున" అని రాసి, పాత హోదాతో సంతకం పెట్టి, అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో వెనక్కి పంపాను. కింద ఇంకా రావలసిన బాకీ రాశాను.

పదకొండు గడపలు.